రంగు దారాల మూటలు

పెళ్లయి ఇరవై ఆరు రోజులు. ఆ ఇంట్లో నాకు ప్రతిదీ ముద్దొచ్చేది. తలుపు గొళ్లెం చప్పుడు, కళ్లాపి చల్లిన పెరటి మట్టి వాసన, ఆఖరికి మా ఆయన తుమ్ము కూడా. కుట్టుపని సరదా కాబట్టి కనబడిన గుడ్డనల్లా పట్టుకుని కూర్చునేదాన్ని.

"ఇలాగే వదిలేస్తే చీపురుక్కూడా గౌను కుట్టేస్తావ్," అన్నాడు మా ఆయన.

పెరట్లో పారా, గొర్రూ పెట్టే గదిలో పదకొండు బుల్లి గుడ్డమూటలు తీగకు వేలాడుతూ కనిపించాయి. మా పెళ్లికి ఏడు నెలల ముందు పోయిన అత్తయ్య తన పాత చీరల ముక్కలతో కుట్టినవి. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం. లోపల పూల విత్తనాలు. నా ప్రాణం లేచొచ్చింది. విత్తనాలన్నీ జాగ్రత్తగా ఒక డబ్బాలో పోసి, కుట్లు విప్పి, గుడ్డలుతికి, అన్నీ కలిపి మామయ్య కుర్చీలో దిండుకు గలీబు కుట్టాను.

మామయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరారు.

"దారాలేవమ్మా?"

"పాతవి కదా మామయ్యా, పారేశాను. విత్తనాలు మాత్రం ఒక్కటీ పోలేదు. అన్నీ ఈ డబ్బాలోనే ఉన్నాయి."

ఆయన డబ్బా మూత తీసి చూసి, మళ్లీ పెట్టేశారు.

"మంచంమీద ఉండి కుట్టింది మీ అత్తయ్య. నాకు తవ్వడం తప్ప ఏ విత్తనం ఏదో తెలీదుగా. పసుపు దారం గోడ పక్కన, ఎర్రది కుళాయి దగ్గర, అలా పదకొండూ కంఠతా పట్టించింది. నేను లేకపోయినా తోట ఎప్పట్లాగే ఉండాలి, దారం చూసి చల్లండి చాలు అంది. వాన పడ్డాక చల్లుదామని ఆగాను."

ఆయన చేతిలో డబ్బా అందుకున్నాను. విత్తనాలు పళ్లెంలో పోసుకుని ఏరడానికి కూర్చున్నాను. పెద్దవి విడిపోయాయి, కానీ ఏది ఏ దారానిదో ఎవరు చెప్తారు? ఆవగింజల్లాంటి నల్లటివే నాలుగు రకాలని అత్తయ్య అనేవారట. నా కంటికి అన్నీ ఒక్కటే.

"పోనీలే తల్లీ, కళ్లు పోతాయి. కలిపే చల్లేద్దాం," అన్నారు మామయ్య.

వాన పడింది. ఆయన మాత్రం మళ్లు ఎప్పటిలాగే, అవే కొలతల్లో తవ్వారు. వాటిలో మొలకలు ఇష్టమొచ్చినట్టు లేచాయి. తోట బాగుందన్నాడు మా ఆయన. నిజమే, బాగుంది. అత్తయ్య తోట మాత్రం కాదు.

నిన్న పొద్దున మామయ్య ఒక మొలక దగ్గర వంగి, పాత అలవాటున, తల తిప్పకుండానే, వంటింటి కిటికీకి వినబడేలా అడిగారు.

"ఇదేం మొక్కే?"

కిటికీలో నేనున్నాను. ఆయన తిరిగి చూసి, చేతి మట్టి దులుపుకున్నారు.

"ఇదేం మొక్కమ్మా?" అన్నారు ఈసారి.

"తెలీదు మామయ్యా," అన్నాను.