తలకిందుల కొమ్మలు

మూడో వంపు దగ్గర నాటిన కొమ్మలు చిగురించలేదని మేస్త్రక్క గమనించింది. మిగతా చోట్ల అప్పుడే గోరంత ఆకులు వేస్తుంటే, ఇక్కడ మాత్రం పుల్లలు పుల్లల్లాగే ఉన్నాయి. ఒకటి పీకి చూసింది. మొగ్గలన్నీ కిందికి చూస్తున్నాయి. ఇంకోటి పీకింది, అదీ అంతే. ఇరవై పీకితే పన్నెండు తలకిందులుగా ఉన్నాయి. ఒకటో రెండో అయితే పొరపాటనుకోవచ్చు, ఇన్నైతే ఎవరో పనిగట్టుకుని చేస్తున్నట్టే. వాటిని మళ్లీ గుచ్చేసి, ఏమీ ఎరగనట్టు పైకి వచ్చింది.

ఆ వాగును ఒకప్పుడు ఎవరో మిషన్లు పెట్టి తిన్నగా తవ్వేశారు. అప్పట్నుంచి వానొస్తే చాలు, నీళ్లు పరుగులు పెట్టి గట్లను కోసుకుపోయేవి. దాని పాత వంపులు దానికి తిరిగిచ్చి, గట్టు మీద వేళ్లు పట్టే కొమ్మలు నాటడం వీళ్ల పని. జట్టులో ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు ఆరుగురు. వాళ్లకు పని నేర్పి చేయించేది నలభై దాటిన ఈ మనిషి. అందరూ ఆమెను మేస్త్రక్క అనే పిలిచేవాళ్లు. ఆమె ఎక్కువగా ఎగువన దుంగలూ రాళ్లూ పేర్పించే చోట ఉండేది. దిగువన కొమ్మలు నాటే పని పిల్లలకే వదిలేసింది.

ఆమె అనుమానం తిన్నగా ముంగి మీదికి పోయింది. నోట్లో నాలుక లేనట్టు తిరుగుతాడని తోటివాళ్లు పెట్టిన పేరది. పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకుని నీడన చేరితే వాడు నాలుగు ముద్దలు మింగి ఎటో మాయమయ్యేవాడు. పైగా వాడి మేనమామకు ఇటుక బట్టీ ఉంది. ఈ పని మొదలయ్యేదాకా బట్టీకి మట్టి ఈ గట్టు నుంచే వెళ్లేది. ఇవన్నీ కలిపి చూసుకుంటే ఆమెకు లెక్క సరిపోయింది.

పైకి తేలకుండా పట్టుకోవాలని, మర్నాడు నాటే చోటును ఆరు ముక్కలు చేసి ఎవరి ముక్క వాళ్లకిచ్చింది. సాయంత్రం పిల్లలు వెళ్లాక ఒక్కో ముక్కలో వంగి చూసింది. అయిదుగురి ముక్కల్లోనూ తలకిందుల కొమ్మలున్నాయి. ముంగి ముక్కలో ఒక్కటీ లేదు. దాంతో అనుమానం తగ్గాల్సింది పోయి ముదిరింది. తన చోటు మాత్రం ఇంత శుభ్రంగా ఉంచుకున్నాడంటే, ఏది తలో ఏది మొదలో వీడికి బాగా తెలుసన్నమాట. మిగతావాళ్ల ముక్కలు పాడుచేస్తున్నది వీడే.

మర్నాడు భోజనాల వేళ వాడు లేవగానే, కాసేపాగి ఆమె కూడా లేచింది. రెల్లు పొద చాటు నుంచి చూస్తే వాడు వేరే పిల్ల నాటిన చోట మోకాళ్ల మీద కూర్చుని కొమ్మ పీకుతున్నాడు. కళ్లారా చూశాక ఇంకేం కావాలి అనుకుని వాడి వెనకే వెళ్లి నిలబడింది.

"ఎన్నాళ్లుగా సాగుతోంది ఈ పని?"

వాడు ఉలిక్కిపడ్డాడు గానీ చేతిలోది దాచలేదు. "పది రోజులైంది" అంటూ ఆ కొమ్మను తిప్పి అదే గుంతలో దించి, చుట్టూ మట్టి అదిమాడు. మొగ్గలు పైకి వచ్చాయి.

ఆమె వంగి ఆ మొగ్గల్ని వేలితో తాకింది. చూసినవాడివి నాకెందుకు చెప్పలేదని అడిగింది. వాడు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"మీరే చేయిస్తున్నారేమో అనుకున్నాను అక్కా."

తర్వాత వాడే ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కొమ్మల కట్టలు మేస్త్రక్క ఇంటి నుంచే చెక్కి వస్తాయి. చెక్కిన కొన భూమిలోకి దింపమని ఆమే నేర్పింది. పిల్లలు అదే చేస్తున్నారు, మొగ్గ ఎటుందో ఎవరూ చూడట్లేదు. సగం కట్టల్లో కొన తప్పు వైపు చెక్కి ఉంటోంది. కొమ్మలు చచ్చిపోతే పని వచ్చే ఏడాదికీ సాగుతుంది కదా, అందుకేనేమో అని తనకు తోచింది. ఇంకొకరిద్దరు కూడా అదే గుసగుసలాడుకుంటున్నారు.

తాను వాణ్ని కనిపెడుతున్న రోజుల్లో, వీళ్లు తనను కనిపెడుతున్నారు. ఆ సంగతి ఆమెకు చెంప మీద కొట్టినట్టు తగిలింది.

కొమ్మలు చెక్కేది ఆమె భర్తే. ఆయన వడ్రంగి. పిల్లలు ఒక్కోటీ చెక్కుతూ కూర్చుంటే పూట గడిచిపోతుందని, ఆ పని తానే నెత్తిన వేసుకున్నాడు. ఇంటికి పోతుంటే దారి పొడుగునా ఆమె మనసు ఊరుకోలేదు. బట్టీ ఆయన, అంటే ముంగి మేనమామ, వారానికోసారైనా వీళ్ల వడ్రంగి కొట్టుకు వచ్చి కూర్చుంటాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో ఆమె ఏనాడూ చెవిన వేసుకోలేదు. పద్దెనిమిదేళ్లు కాపురం చేసిన మనిషిని ఇలా అనుమానిస్తున్నందుకు సిగ్గేసింది. అనుమానం మాత్రం పోలేదు.

నాలుగు గంటల వేళ కొట్టు వాకిట్లో ఎండ ఫెళ్లున కాస్తోంది. భర్త ఎండలోనే పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. చప్పుడు కాకుండా నిలబడి చూసింది. కొమ్మ తీసుకున్నాడు, బొటనవేలితో అటూ ఇటూ తడిమాడు, తిప్పాడు, మళ్లీ తడిమాడు, తప్పు కొన మీద కత్తి పెట్టాడు. ఆమె దగ్గరికెళ్లి కట్టలోంచి ఒక కొమ్మ తీసి ఆయన ముఖం ముందు పట్టుకుంది.

"దీని మొగ్గ ఎటు చూస్తోందో చెప్పు."

ఆయన కళ్లు చిట్లించాడు. "వెలుతురు చాలట్లేదు" అన్నాడు.

ఆమె ఆ పక్కనే కూలబడిపోయింది. ఇద్దరి నెత్తినా ఎండ మాడుతోంది. ఎప్పట్నుంచని అడిగితే, వానాకాలం వెళ్లిన దగ్గర్నుంచి అన్నాడు. కిటికీ చట్రాలన్నీ చేత్తో తడిమే చేస్తున్నాడట. బయటపడితే కొట్టుకు ఎవరూ రారని భయం. బట్టీ ఆయనకు మాత్రం తెలుసు. రంపం మిషన్ మీద పని పడ్డప్పుడల్లా వచ్చి పక్కన నిలబడి కోత గీత ఎటుందో చెప్పేది ఆయనే. అది విని ఆమెకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పరాయివాడికి చెప్పినవాడివి నాకు చెప్పలేకపోయావా అని మాత్రం అడిగింది. భర్త చేతిలోని కత్తి కింద పెట్టేశాడు.

మర్నాడు పని మొదలుపెట్టే ముందు ఆమె పిల్లల్ని కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్పవచ్చా అని ఆయన్ను ముందే అడిగింది, ఆయన తలూపాడు. ముంగిని అనుమానించానని కూడా అందరి ముందే ఒప్పుకుంది. వాడు చెవుల దాకా ఎర్రబడి, పోనీలే అక్కా అన్నాడు. గుసగుసలాడిన ఇద్దరూ తలలు దించుకున్నారు. ఆ రోజంతా ఎవరూ కొత్త కొమ్మ నాటలేదు, పాతవే ఒక్కోటీ పీకి చూసి తిప్పారు. బాగా ఎండిపోయినవి వందకు పైనే తేలాయి.

ఆ వారమే ఆయన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రెండు కళ్లలోనూ పొర. తీసేస్తే చూపొస్తుందన్నారు, ఒక కన్ను ముందు, రెండోది తర్వాత. అప్పటిదాకా కొమ్మలు పిల్లలే వాగు పక్కన కూర్చుని చెక్కారు. పూటలు గడిచిపోతే గడిచిపోయాయి.

అప్పట్నుంచి మేస్త్రక్క కూడా దిగువకే వచ్చి నాటేది. తను గునపంతో గుంత చేసి కొమ్మ అందిస్తే, ముంగి దాన్ని అందుకుని, కళ్ల ముందుకు తెచ్చుకుని, మొగ్గ చూసుకున్నాకే దించేవాడు. ఆమె స్వయంగా చెక్కిన కొమ్మైనా సరే. వాడు చూసుకునేదాకా ఆమె ఆగేది. తర్వాతి గుంత చేసేది.