దిగని రంగు

ఆ పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా కిందికి వేలాడుతూ ఉంది. వాన రాలేదు, వచ్చేలానూ లేదు. సూర్యుడు ఎక్కడున్నాడో ఆనవాలు లేదు. రంగులాయన పెరటి గుమ్మంలో నిలబడి కాసేపు పైకి చూశాడు. మబ్బు కనిపిస్తే ఎవరైనా గొడుగు వెతుక్కుంటారు. ఆయనకు గొడుగుతో పనిలేదు. మబ్బు వెలుతురులో ఎరుపు తన అసలు ముఖం చూపించదు, అదీ ఆయన బాధ.

"ఇవాళ ఎరుపు చూడ్డానికి లేదు" అన్నాడు.

"దేన్ని? గుడ్డనా, మిమ్మల్నా?" అంది లోపల్నుంచి భార్య.

ఆయన మళ్లీ పైకి చూశాడు.

ముప్ఫై ఏళ్లుగా ఆయన గుడ్డలకు రంగు వేస్తున్నాడు. పెరట్లో రెండు గంగాళాలు, రెండు సిమెంటు తొట్లు, ఆరు వరసల తీగలు. మోచేతుల దాకా చేతులు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి. ఈ నెలంతా ఎరుపు. కొత్తగా కట్టిన సభల హాలుకు తెర కావాలన్నారు. పద్నాలుగు తాన్లు, అన్నీ ఒకటే ఎరుపు. తెర అంటే తాన్లన్నీ పక్కపక్కనే వేలాడాలి. ఒక్కటి తేడా వచ్చినా కూర్చున్న ఆరువందల మందీ వేదిక మీద జరిగేది వదిలేసి ఆ తానునే చూస్తారని ఆయన నమ్మకం. వాయికి రెండు తాన్ల చొప్పున ఆరు వాయిలు దిగాయి. ఏడోది, ఆఖరిది, ఈ రోజు వేయాలి. రేపు పొద్దున్నే హాలు మేనేజరు చూడ్డానికి వస్తాడు.

ఈ పని ఒప్పుకున్న వారానికే ఆయన కుడికాలి బొటనవేలు మిరపపండులా వాచింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడింది. డాక్టరమ్మ రక్తం పరీక్ష చూసి గౌట్ అంది. వాపు తీశాక రెండు రకాల మాత్రలు రాసింది.

"ఇది రోజూ ఒకటి, మధ్యాహ్నం అన్నం తిన్నాక. మెల్లగా నేనే పెంచుతాను, మీరు పెంచొద్దు. ఈ రెండోది, మొదటి నెలల్లో నొప్పి తిరగబెట్టకుండా. దీంతో విరేచనాలు పట్టుకుంటే ఆపి నాకు ఫోన్ చెయ్యండి. నీళ్లు బాగా తాగండి. మధ్యలో నొప్పొచ్చినా రావచ్చు. వచ్చిందని రోజూ మాత్ర మానెయ్యొద్దు."

"మానను."

"ఒంటి మీద ఎర్రగా దద్దు కనిపించిందా, అప్పుడు మాత్రం వెంటనే మానెయ్యాలి. మానేసి ఆ పూటే నా దగ్గరికి రావాలి. అందరికీ రాదు. వచ్చిన కొందరికి ముదిరి తోలు ఊడొస్తుంది, లోపల లివరూ కిడ్నీలూ పాడవుతాయి. మనిషి దక్కకుండా పోయిన సందర్భాలున్నాయి. మొదటి రెండు నెలలూ..." అంటూ ఆయన చేతులు చూసి ఆగిపోయింది. "ఇదేంటి?"

"ఎరుపు."

"అది కనిపిస్తోంది. ఎప్పట్నుంచి?"

"ఈ ఎరుపు సోమవారం నుంచి. మామూలుగా అయితే ముప్ఫై ఏళ్ల నుంచి."

"మరి దద్దొస్తే మీకెలా తెలుస్తుంది?"

"నా ఎరుపు నాకు తెలుసు" అన్నాడాయన.

డాక్టరమ్మ ఆయన్ని వదిలేసి, పక్కన కూర్చున్న భార్య వైపు తిరిగింది. "మీరు చూడండమ్మా. రోజూ చూడాలి. చేతులు ఎలాగూ పనికిరావు. భుజాలు, పొట్ట, వీపు చూడండి. జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ల మంట ఉన్నాయేమో అడగండి."

ఆవిడ దారిలోనే ఒక జత రబ్బరు తొడుగులు కొంది. ఆయన ఒకరోజు వేసుకున్నాడు. తొడుగుంటే నీళ్ల వేడి తెలియదు, గుడ్డకు రంగు పట్టిందీ లేనిదీ తెలియదు అని తీసి బామ్మర్దికిచ్చాడు. బామ్మర్ది వాటిలో మేకులు దాచుకున్నాడు.

ఈ బామ్మర్ది నలభై దాటినవాడు. పదకొండేళ్లుగా బావ దగ్గరే పని. ఏ పనికీ తొందరపడి ఎరగడు గనక వీధిలో అందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు. పొయ్యి చూడడం, కర్రతో గుడ్డ తిప్పడం, ఆరేయడం అతని వంతు. రంగు కలపడం, అది గుడ్డకు పట్టడానికి ఉప్పు ఎప్పుడు పడాలో చెప్పడం ఒక్కనాడూ అతని చేతికి రాలేదు.

మొదటి వారంలోనే వేలు మళ్లీ సలిపింది. రంగు పట్టకపోతే ఇంకో గుప్పెడు వేయడం ఆయన అలవాటు. అదే చేత్తో నొప్పి మాత్రలు మూడు ఎక్కువ వేసుకున్నాడు. ఆ రోజంతా పెరటి చివరి చిన్నగదిలోంచి బయటికి రాలేదు. రెండో వాయి ఒక రోజు వెనకపడింది. డాక్టరమ్మ ఫోన్లోనే గడ్డి పెట్టింది. అప్పట్నుంచి మాత్రల డబ్బా భార్య కుట్టుమిషన్ సొరుగులోకి మారింది. ఏ పూటకు ఆ పూట ఆవిడే తీసి చేతిలో పెడుతుంది.

రోజూ పొద్దున పనిలోకి దిగకముందు ఆయన చొక్కా విప్పి ఉత్తరపు కిటికీ దగ్గర నిలబడాలి. గుడ్డల రంగు చూసేది ఆ కిటికీలోనే. తాను పరిచి మచ్చ వెతికినట్టే ఆవిడ ఆయన్ని వెతికేది. ఇరవై రెండు రోజుల్లో ఒక పుట్టుమచ్చ, రెండు దోమకాట్లు బయటపడ్డాయి. దోమలు రెండూ ఒకటే అయ్యుంటుందని ఎక్స్‌ప్రెస్ అన్నాడు.

ఇవాళ ఇరవైమూడో రోజు. కిటికీలో వెలుతురు లేదు.

"ట్యూబులైటు కింద చూడు, పోనీ" అన్నాడాయన.

"ట్యూబులైటు కింద ఎరుపు అబద్ధం చెబుతుందని ముప్ఫై ఏళ్లుగా ఎవరు చెబుతున్నారో" అంది ఆవిడ. "మబ్బు విడిచాక చూస్తాను. మధ్యాహ్నం మాత్ర అప్పుడే."

ఆయన పెరట్లోకి వెళ్లాడు. పొయ్యి రాజుకుంది. ఒళ్లు కొంచెం వెచ్చగా అనిపిస్తే పొయ్యి సెగ అనుకున్నాడు. తాన్లు రెండూ నీళ్లలో నానుతున్నాయి. పదింటికి మబ్బు ఒకచోట చిరిగి, గోడ మీద చాపంత ఎండ పడింది. నమూనా గుడ్డ తీసుకుని ఆ ఎండలోకి గబగబా వెళ్లాడు, నిన్నటి తాను అంచు దాని పక్కన పెట్టి చూడాలని. అంచు కలిసింది. గుడ్డను పట్టుకున్న చెయ్యి కలవలేదు.

మోచేతికి పైన, ఎప్పుడూ రంగు అంటని చోట, చిన్నచిన్న ఎర్రటి మచ్చలు అయిదారు ఉన్నాయి. నమూనా గుడ్డ వాటి పక్కన ఆనించాడు. ఆయన కలిపే ఎరుపులో అడుగున కాస్త నలుపు ఉంటుంది. వీటిలో నలుపు లేదు, గులాబి ఉంది. మచ్చకు అంచు లేదు. రంగు చింది పడితే అంచు ఉంటుంది. ఇది బయట్నుంచి పడింది కాదు, లోపల్నుంచి పట్టింది. ఆయనకు ఒక్క చూపులో తెలిసిపోయింది. నా ఎరుపు నాకు తెలుసు అన్నది ఉత్త గొప్ప కాదు.

ఎండ పోయింది. ఆయన అక్కడే నిలబడ్డాడు. భార్యకు చెబితే ఇప్పుడే డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరమంటుంది. రంగు ఇంకా కలపలేదు. నానిన గుడ్డ సాయంత్రం దాకా ఆగితే పట్టు తప్పుతుంది. ఆఖరి వాయి తేడా వస్తే మిగతా పన్నెండు తాన్లకూ అర్థం లేదు. సాయంత్రం చెబుదాం. మధ్యలో ఒక్క మాత్ర. ఇరవై రెండు మింగినవాడికి ఒకటి ఎక్కువా?

నిన్నటి రంగునీళ్లు చిన్న తొట్లో చల్లగా మిగిలి ఉన్నాయి. ఆయన దాని దగ్గర గొంతుకూర్చుని చేతిని భుజం దాకా లోపలికి దించాడు. రెండో చేతిని కూడా దించాడు, రెండూ ఒకేలా ఉండాలని.

కర్ర పట్టుకుని ఎక్స్‌ప్రెస్ చూస్తున్నాడు.

"బావా, ఆ తొట్లో ఏముంది?"

"నిన్నటి నీళ్లు."

"ఏం వెతుకుతున్నావు?"

"ఏం లేదు."

ఎక్స్‌ప్రెస్ కాసేపు ఆలోచించాడు. "దొరికిందా?"

"ఆఁ."

మధ్యాహ్నానికి మబ్బు పూర్తిగా విడిచింది. రంగు కలిపి గంగాళంలో పోశాడు, గుడ్డ దించడమే తరువాయి. భార్య గుమ్మంలోంచి పిలిచింది. ఒక చేతిలో మాత్ర ఉంది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి చొక్కా విప్పాడు.

"భుజం దాకా రంగేంటి?"

"వంగాను."

"రెండు వైపులా వంగారా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవిడ మాత్రను మళ్లీ డబ్బాలో వేసి, తడి చేసిన తెల్లగుడ్డ, సబ్బు తెచ్చింది. తాన్లు అప్పగించేముందు ఒక్కోదాన్నీ తడి తెల్లగుడ్డతో రుద్ది చూడడం ఈ ఇంట్లో ఆవిడ పని. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ తాను గడప దాటదు. ఆయన్ని కూడా అలాగే పట్టుకుని రుద్దింది. గుడ్డ ఎర్రగా వచ్చింది. మడత మార్చి రుద్దింది, గులాబిగా వచ్చింది. మళ్లీ మార్చింది. నాలుగో మడత తెల్లగా వచ్చింది.

చెయ్యి తెల్లగా రాలేదు.

"ఇది దిగడం లేదు" అంది.

"మంచి రంగు అయ్యుంటుంది."

"అంత మంచి రంగు మనం ఎప్పుడేశాం?"

ఆవిడ ఆయన్ని తిప్పి వీపు చూసింది. అక్కడ నాలుగు. పొట్ట మీద రెండు. నుదుటి మీద చెయ్యి పెట్టి తీసింది.

"నోట్లో పుండ్లున్నాయా?"

"లేవు."

"కళ్లు మండుతున్నాయా?"

"పొగకి ఎప్పుడూ మండేవే."

"చొక్కా వేసుకోండి. పోదాం."

"వాయి అవనీ."

"తమ్ముడు వేస్తాడు."

"వాడికి ఎరుపు రాదు."

ఎక్స్‌ప్రెస్ గుమ్మం దాకా వచ్చి ఉన్నాడు. "పదకొండేళ్లుగా చూస్తున్నా బావా."

"చూస్తున్నావు. అదే నేనూ అంటోంది."

ఆవిడ గొంతు పెంచలేదు. తెల్లగుడ్డను నాలుగు మడతలు వేసి కిటికీ గట్టు మీద పెట్టింది. "గుడ్డ చెడితే పైన నలుపు వేసి ఇంకెవరికైనా ఇద్దాం. మీరు చెడితే మీ మీద ఏం వెయ్యమంటారు?"

నలుపు పైన వేయగలిగేది ఏదీ లేదని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. చొక్కా వేసుకున్నాడు. బొత్తాలు పెట్టుకుంటూ ఎక్స్‌ప్రెస్‌తో అన్నాడు, "నీళ్లలో మోచెయ్యి పెట్టు. పెట్టి పది లెక్కపెట్టలేకపోతే వేడెక్కువ."

"సరే."

"తొందరపడకు."

ఈ మాట అతనితో అన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఎక్స్‌ప్రెస్ తలూపాడు.

డాక్టరమ్మ మచ్చ మీద వేలు నొక్కి, వదిలి, మళ్లీ నొక్కి చూసింది. నోరు తెరిపించింది, కనురెప్పలు లాగింది, జ్వరం కొలిచింది. నూటికి కాస్త పైన ఉంది.

"ఎప్పుడు చూశారు?"

భార్య "మధ్యాహ్నం" అనబోయింది. ఆయన "పొద్దున పదింటికి" అన్నాడు. ఆవిడ ఆయన వైపు చూడలేదు. చూడకపోవడం ఆయనకు తెలిసింది.

"ఇప్పుడు ఒకటిన్నర. అప్పట్నుంచి ఏం చేశారు?"

"రంగేశాను."

"దేనికి?"

"దీనికే."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. మళ్లీ తీసుకుంది. "ఇవాళ మాత్ర వేసుకున్నారా?"

"నేను ఇవ్వలేదు" అంది భార్య.

"అది మేలు చేశారు. ఇక ఒక్కటి కూడా వద్దు."

"అర?"

"పొడి కూడా వద్దు. ఇప్పుడే రక్తం ఇచ్చి వెళ్లండి, రెండో మాత్ర సంగతి అది చూసి చెబుతాను. ఎల్లుండి మళ్లీ రండి. ఈలోగా జ్వరం పెరిగినా, ముఖం వాచినా, నోరు పుండైనా, తోలు మీద పొక్కులు లేచినా నాకోసం ఆగకండి, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. మొదటిరోజే వచ్చారు కాబట్టి సర్దుకుంటుందనుకుంటున్నా. ఇంకో నాలుగు రోజులు ఆ రంగులో చేతులు ముంచుకుంటూ కూర్చుని ఉంటే నేను ఈ మాట చెప్పలేకపోయేదాన్ని."

చీటీ మీద ఆ మందు పేరు రాసి, ఇది ఈయనకు పడదు, ఎన్నడూ ఇవ్వకూడదు అని ఎర్ర సిరాతో కింద గీత కొట్టింది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఇది చూపించాలంది. గౌట్‌కు ఇంకో మందు ఉంది, ఒళ్లు కుదుటపడ్డాక చూద్దామంది. ఆయన ఆ గీత చూశాడు. ఎరుపు పలచగా ఉంది.

వాళ్లు ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. మధ్యాహ్నం విడిచిన మబ్బు మళ్లీ రాలేదు. పెరట్లో చివరి రెండు తాన్లూ తీగల మీద బారుగా వేలాడుతున్నాయి. కింద నీటిచుక్కలు పడుతున్నాయి, పడ్డ నీళ్లు తేటగా ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్ గంగాళం తోముతున్నాడు. తల ఎత్తలేదు.

ఆయన చెప్పులు విడవకుండానే నమూనా గుడ్డ తీసుకుని తీగల దగ్గరికి వెళ్లాడు. మొదటి తాను ఈ చివర చూశాడు, ఆ చివర చూశాడు. రెండోది తిరగేసి చూశాడు. తడి గుడ్డ ఎప్పుడూ ముదురుగా కనిపిస్తుంది, ఆ తేడా తీసేసి చూశాడు. ఎండ గోడ దిగి పోయేదాకా చూశాడు. ఎక్కడా తేడా దొరకలేదు.

"ఉప్పు ఎప్పుడేశావు?"

"నువ్వు వేసేటప్పుడే బావా."

"ఎన్ని సార్లు?"

"మూడు."

ఆయన నమూనా గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాడు.

పొద్దుట్నుంచి ఎవరూ తినలేదు. మధ్యాహ్నం వండింది చల్లారిపోయి ఉంది. ఆవిడ మళ్లీ వెచ్చబెట్టకుండానే ముగ్గురికీ వడ్డించి తనూ కూర్చుంది. రంగులాయన చేతులు సబ్బుకి వెలిసి, మచ్చలు మాత్రం మిగుల్చుకుని పళ్లెం మీదికి వంగాయి. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి, పదకొండేళ్లలో మొదటిసారి. అతను వాటిని దాచుకోనూ లేదు, చూపించనూ లేదు. నెమ్మదిగా కలుపుకుని తింటున్నాడు.

ఆవిడ ట్యూబులైటు వెలుతురులో ఆయన భుజం వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. చెంబు తీసి ఆయన గ్లాసు నింపింది. ఆయన తాగాడు. మళ్లీ నింపింది. మళ్లీ తాగాడు.