అరగంట పడవ

మూడు విజిల్స్‌కి పదకొండు నిమిషాలు. ఇది పప్పు కుక్కర్ సంగతి, అన్నానిదైతే తొమ్మిది. పొద్దున నల్లా వచ్చినప్పుడు నీలం డ్రమ్ము నిండడానికి పద్నాలుగు, మా ఆయన స్నానానికి ఆరు, అత్తమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి లేచొచ్చి “ఏమే, చాయ్ ఏదే?” అనడానికి నాలుగు. ఇవన్నీ గడియారం చూడకుండానే నాకు తెలుసు. ఈ సందుల్లోనే నేను ఫోన్‌లో ఆటలు ఆడుకుంటాను. ముప్పై ఆరేళ్ళ మనిషివి, గని మీద నౌకరి చేసేదానివి, నీకు ఆటలేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి. మా ఇంట్లో రోజూ అంటారు, నాకు అలవాటే.

అయితే ఏ ఆట పడితే ఆ ఆట నాకు పనికిరాదు. మొదట్లో పొలం ఆట ఒకటి పెట్టుకున్నాను. మక్కలు వేయాలి, బర్రెకు నీళ్ళు పెట్టాలి, టైముకి రాకపోతే పంట ఎండిపోతుంది, బర్రె మొహం వేలాడేసుకుంటుంది. నా ఇంటి చాకిరీ చాలక ఇంకో ఇంటి చాకిరీ కూడానా అని మూడో రోజే తీసేశాను. పరుగెత్తే ఆట పెట్టుకున్నాను. వెనక నుంచి ఎవడో తరుముతూనే ఉంటాడు, ఆగితే దొరికిపోతాం. ఆ మాత్రం దానికి ఫోన్ ఎందుకు? పైన సెకన్లు తగ్గుతూ టిక్కుటిక్కుమనే ఆటలైతే తెరిచిన వెంటనే తీసేశాను. అన్నీ తీసేయగా మిగిలినవాటిలో నాకు బాగా కుదిరింది గాజు గొట్టాల్లో రంగునీళ్ళు సర్దే ఆట. చప్పుడు లేదు, నెట్ అక్కర్లేదు, ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. మలుపు దగ్గర మా ఆయన బండి చప్పుడు వినబడగానే బొటనవేలితో ఒక్క తోపు తోస్తే మాయం. ఆట బాగుందా లేదా అని నేనెప్పుడూ చూడలేదు, ఎంత తొందరగా దాచగలనో చూసుకున్నాను.

దాచడం నేర్పింది లూడో. రెండేళ్ళ కింద నెట్‌లో లూడో ఆడేదాన్ని. అవతల ఎవరో ఆడతారు, మనకు తెలియదు, మెషినే జత కడుతుంది. ఒకనాడు అవతలి మనిషి గెలిచి, నవ్వే బొమ్మ ఒకటి, కింద ‘హాయ్’ అని పంపాడు. సరిగ్గా అప్పుడే మా ఆయన ప్రేమ్‌సాగర్ నా భుజం మీద నుంచి చూశాడు. “ఎవడే గీడు?” అన్నాడు. “నాకు తెల్వది. ఆటల ఎవలో జత పడ్తరు” అన్నాను. “తెల్వనోడు హాయ్ అంటడా? నేను కింద బొగ్గుల సస్తుంటే నువ్వు పైన జతలు కడుతున్నవా?” అన్నాడు. ఆ తర్వాత చెయ్యి లేచింది. మర్నాడు వాచిన పెదవితో డ్యూటీకి పోయి, నల్లా దగ్గర జారి పడ్డానని చెప్పాను. అక్కడ నేను పెట్టాల్సిన టీ ఆ వారమంతా నాతో పనిచేసే మమతారాణే పెట్టింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక నియమం. రాత్రి అన్నానికి ముందు ఆయన చెయ్యి చాపుతాడు, “ఫోన్ తే” అంటాడు. ఫోన్‌లో ఏది ఎన్ని నిమిషాలు వాడామో చూపించే పేజీ ఒకటుందని ఎక్కడో వీడియోలో చూసి నేర్చుకున్నాడు. దాన్ని తెరిచి, వేలు పెట్టి, అత్తమ్మకు వినబడేలా చదువుతాడు. “రంగునీళ్ళు ఎనిమిది నిమిషాలు. గిదేంది, పజిలా? తొమ్మిది.” ఒక్కో ఆటకు పది నిమిషాలు మాఫ్ అన్నాడు. “పది దాటిందో, ఫోన్ పోతది, నౌకరి పోతది, నువ్వు శ్రీరాంపూర్ల మీ బాపు దగ్గరికి పోతవ్.” అత్తమ్మ చిక్కుడుకాయ ఒలుస్తూ తల ఊపుతుంది. “మా సుల్తానాబాద్ దిక్కు ఆడోళ్ళకు నాట్లు, కలుపులే ఆటలు బిడ్డా” అంటుంది. అందుకే నేను ఐదు చిన్న ఆటలు పెట్టుకుని అటు ఏడు, ఇటు ఎనిమిది నిమిషాలు పంచుకుంటాను. ఒకసారి భయపడి ఒక ఆట తీసేస్తే, మొత్తం నిమిషాలు తగ్గలేదు. మిగతావి ఎటు పోయినయని గంటసేపు అడిగాడు.

నా నౌకరి లాంపురూంలో. మా బాపు పోశం ఒంట్లో బాగాలేక గని పనికి పనికిరాడని తేల్చినప్పుడు, కొడుకులు లేరు కాబట్టి ఆ నౌకరి నాకొచ్చింది. గనిలోకి దిగే ప్రతి మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ మాకిచ్చి, నెత్తికి పెట్టుకునే లైటు తీసుకుంటాడు. షిఫ్టు అయ్యి పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ పట్టుకుపోతాడు. బోర్డు మీద బిళ్ళ ఉందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని. ఇంత పని మేం చేస్తాం. మా మీద ఉండే రాయమల్లు కాక మాత్రం, “బిళ్ళలు తీసుడు, లైట్లిచ్చుడు, గిదేం పనే! జర చాయ్ వెట్టు, ఉమా. నువ్వు వెడితెనే చాయ్” అంటాడు. నూట ఎనభై లైట్లు తుడిచి చార్జింగ్‌కు పెట్టి, రోజుకు మూడుసార్లు చాయ్ పెడతాను. మా ఆయన నంబరు మూడు వందల పద్దెనిమిది. ఆయన పొద్దుటి షిఫ్టుకు వచ్చినప్పుడు బిళ్ళ నా చేతిలోనే పెడతాడు. ఆ బిళ్ళ బోర్డుకు తగిలించిన క్షణం నుంచి మధ్యాహ్నం మూడింటి వరకు, మళ్ళీ వస్తాడన్న లెక్క లోపల నడుస్తూనే ఉన్నా, నాకు ఊపిరాడుతుంది. ఈ మాట ఇంతకుముందు ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా.

ఆ మధ్య మమతారాణి నా ఫోన్‌లో ఒక ఆట వేసింది. ఒక పడవ, ఒక నది, పడవ నడిపే ఒక ఆడమనిషి. శత్రువులు లేరు, పాయింట్లు లేవు. తెరవగానే ఒక మాట కనబడుతుంది: ఏకధాటిగా అరగంట కూర్చోగలిగితేనే మొదలుపెట్టండి, మధ్యలో వదిలితే పడవ మళ్ళీ మొదటి ఒడ్డుకే వస్తుంది. “అరగంటనా! నాకెక్కడిదే?” అని నవ్వాను. “ఉంచుకో అక్కా, ఎన్నడన్న దొరుకుతది” అంది. నాలుగు నెలలు అది ఫోన్‌లో అట్లాగే ఉంది. నాకు అరగంట దొరకలేదు.

మొన్న బుధవారం మూడున్నర దాటాక కూడా పొద్దుటి షిఫ్టు బోర్డు మీద ఏడు బిళ్ళలు మిగిలాయి. మామూలుగా మూడూ ఇరవైకల్లా ఖాళీ అవుతుంది. రాయమల్లు కాక ఫోన్ ఎత్తి కిందికి మాట్లాడాడు. మాట్లాడుతుంటే ఆయన మొహం మారింది. “బండ కూలిందట. ఏడుగురు అవతలి దిక్కున చిక్కిన్రట” అన్నాడు. ఏడు బిళ్ళల్లో నాలుగోది మూడు వందల పద్దెనిమిది. మమతారాణి నా చెయ్యి పట్టుకుంది. “అక్కా, ఏం గాదు, ఫికర్ చెయ్యకు” అంటూ తనే ఏడుస్తోంది. బయట జనం గుమిగూడారు, రక్షణ దళం జీపు వచ్చింది, ఎవరో నా పేరు పిలుస్తున్నారు. “జరసేపు దాన్ని లోపల కూసోనియ్యుండ్రి” అని రాయమల్లు కాక నన్ను చార్జింగ్ గదిలోకి పంపి తలుపు దగ్గరికి వేశాడు.

ఆ గదిలో స్టూలు మీద కూర్చున్నాను. లైట్ల బ్యాటరీలు సన్నగా జుమ్మంటున్నాయి. ఏడవాలని నాకు తెలుసు. దేవుడికి మొక్కాలని తెలుసు. ఏడుపు రాలేదు. చేతిలో ఫోన్ ఉంది. ఎప్పుడు తెరిచానో తెలియదు, పడవ కదిలింది. ఆ ఆడమనిషి తెడ్డు వేస్తోంది, నేను వేలు ఆడించినంతసేపూ వేస్తోంది. ఒడ్డున రెల్లు, ఒక కొంగ, నీళ్ళ మీద ఎండ. చాలాసేపటికి నాకొకటి అర్థమైంది. నా చెవులు తలుపు దగ్గర లేవు. బండి చప్పుడు కోసం వినడం లేదు. పెళ్ళైన పన్నెండేళ్ళలో నా చెవులు నా దగ్గర ఉన్నది అప్పుడే. మొగుడు బండ కింద ఉంటే ఆటాడుతున్నానే, నేను మనిషినేనా? ఆపేయాలనుకున్నాను. ఆపితే పడవ మళ్ళీ మొదటికి పోతుందే అనిపించింది. ఆపలేదు.

“వచ్చిండ్రు! ఏడుగురు వచ్చిండ్రు!” బయట కేక. గుండె దబ్బుమంది. బొటనవేలు దానంతటదే లేచి ఆటను తోసేసింది. ఆ దబ్బు నాకు బాగా తెలిసిందే. మలుపు దగ్గర బండి చప్పుడు వినబడినప్పుడు రోజూ కొట్టుకునేది అదే. సంతోషం ఎట్లా ఉంటుందో నేను మరిచిపోలేదు. అది సంతోషం కాదు.

కింద పనులు చూసే ఓవర్‌మన్ సదానందం, పక్కనే గాలి ఆడడానికి తవ్విన దారిలో నుంచి వాళ్ళను తీసుకొచ్చాడట. ఎవరికీ పెద్ద దెబ్బల్లేవు. ప్రేమ్‌సాగర్ కౌంటర్ దగ్గరికి వచ్చి లైటు ఇచ్చాడు. నుదురు గీరుకుపోయింది, మొహమంతా బొగ్గు. నేను బిళ్ళ ఇస్తే పట్టుకోలేక కింద పడేశాడు. పాపం అనిపించింది. నిజంగానే అనిపించింది. వంగి తీసి ఆయన జేబులో వేశాను. కానీ నా భయం ఇసుమంత కూడా తగ్గలేదు. ఫోన్ తెరిచి చూసుకుంటే పడవ ఎదురుగా ఇరవై ఏడు నిమిషాలు రాసి ఉంది. తీసేసినా మొత్తం తగ్గదు. ఏ సమయంలో ఆడానో కూడా చూస్తాడు. ఇంటికి పోయేదాకా బండి మీద ఆయన వెనక కూర్చుని, దేవుడా ఈ ఒక్క రోజు మరిచిపోనియ్యి అని మొక్కాను. ఆయన కింద ఉన్నప్పుడు రాని మొక్కు అప్పుడొచ్చింది.

ఇల్లంతా జనం. లైను క్వార్టర్ల ఆడవాళ్ళందరూ వచ్చారు. అత్తమ్మ కొడుకు తల నిమిరి, నన్ను దగ్గరికి లాక్కుని, “నా కోడలు పుస్తె గట్టిది. బాసర పోయి మొక్కు చెల్లిద్దాం” అంది. నేను వచ్చినవాళ్ళందరికీ చాయ్ పెట్టాను. ఎవరో ఆయనను ఆటపట్టిస్తూ, “ఉమ ఎంత పరేషాన్ అయ్యిందో ఏమో” అన్నారు. ఆయన నా వైపు చూసి, “భయపడ్డవా?” అన్నాడు. “భయపడ్డ” అన్నాను. అందరూ అయ్యో అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు, వాళ్ళు అనుకున్న భయం మాత్రం అది కాదు.

ఏడున్నరకు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఎదురు క్వార్టర్ అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు మాత్రం ఇంకా ఆ బండ సంగతే మాట్లాడుకుంటున్నారు. నేను కంచాలు పెట్టాను. ఆయన పీట మీద కూర్చుని, మామూలుగా, రోజూలాగే చెయ్యి చాపాడు.

“ఫోన్ తే.”

చావు పక్కనుంచి పోయిన రోజు కూడా మరిచిపోలేదు. ఇస్తే చూస్తాడు, చూస్తే కొడతాడు. ఇవ్వకపోయినా కొడతాడు. రేపు పెదవి వాస్తే నల్లా పేరు చెప్పాలి. ఎన్నిసార్లు జారతాను ఆ నల్లా దగ్గర?

“చూసుడు అక్కర లేదు. నేనే చెప్త” అన్నాను. “నువ్వు చిక్కుకున్నవని తెలిసినంక నేను లోపల కూసోని ఆట ఆడిన. ఇరవై ఏడు నిమిషాలు.”

“అవ్వో, గిదేం ఆడిదిరా!” అత్తమ్మ చేతిలోంచి గంటె జారింది.

ఆయన నెమ్మదిగా లేచాడు. “మొగడు బండ కింద ఉంటే ఆట ఆడినవానే?”

“ఆడిన. పన్నెండేండ్లల్ల నువ్వొస్తవన్న భయం లేకుండ నేను కూసున్నది గా ఇరవై ఏడు నిమిషాలే.”

ఆయన చెయ్యి లేచిందో లేదో నేను చూడలేదు. గడప దాటి బయటికి వచ్చేశాను. వీధి లైటు కింద, ఎదురు అరుగు మీద ఆడవాళ్ళకు బాగా కనబడేలా మా మెట్టు మీద కూర్చున్నాను. వాళ్ళు మాటలాపి ఇటే చూస్తున్నారు. చూడనీ. ఫోన్ తెరిచాను. ఏకధాటిగా అరగంట కూర్చోగలిగితేనే మొదలుపెట్టండి, అంది పడవ. వేలు రెండుసార్లు తప్పింది. వెనక గడప దగ్గర ఆయన శ్వాస వినబడుతోంది. మూడోసారి నొక్కాను, మొదటి ఒడ్డు నుంచి పడవ కదిలింది, నేను తిరిగి చూడలేదు.