నలభై రెండు పేర్లు

కౌన్సిలర్ ఇష్తియాక్ మక్కాకు ఉమ్రా యాత్రకు వస్తున్నాడని వాట్సాప్‌లో వార్త రాగానే దిలావర్ విరగబడి నవ్వాడు. దిలావర్ జెద్దాలో, బలద్ బజారులోని సూట్‌కేసుల దుకాణంలో సేల్స్‌మన్. "పుణ్యంలో కూడా ఆయప్ప కమీషన్ అడుగుతాడు చూడండ్రా" అన్నాడు రూములో. అలా అన్నవాడే మూడోనాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇష్తియాక్ దిగిన లాడ్జి ముందు గంటసేపు నిలబడ్డాడు. ఊళ్ళో ఉన్నంతకాలం దొంగ అనిపించినవాడు సముద్రం దాటి వస్తే చుట్టంలా కనిపిస్తాడు. పరాయి దేశంలో బతికేవాళ్ళకు ఉన్న జబ్బు అది.

ఇష్తియాక్ పద్నాలుగో వార్డును ఐదేళ్ళుగా ఏలుతున్నాడు. ఈ ఐదేళ్ళలో దిలావర్ వాళ్ళ సందులో మురుగుకాలువను మూడుసార్లు కట్టారు, మూడుసార్లూ కాగితం మీదే. నేల మీద మాత్రం తాతలనాటి కాలువే ఉంది. రెండు చినుకులు పడితే చాలు, అది వంటింట్లోకి వచ్చి పలకరించి పోతుంది. ఇష్తియాక్ సిమెంటు తిన్నాడు, ఇసుక తిన్నాడు, వీధిదీపాలు తిన్నాడు, చివరికి శవాలను పూడ్చే ఖబరస్తాన్ ప్రహరీగోడ కూడా తిని త్రేన్చాడు. ఇవన్నీ దిలావర్‌కు బాగా తెలుసు. తెలిసినవాడే మోసపోవడం ఈ కథలో విశేషం.

ఆ శుక్రవారం జుమా నమాజు తర్వాత రూములో విందు. వార్డు మనుషులు నలభై రెండు మంది వచ్చారు. గుండు గీయించుకున్న తలతో, చేతిలో తస్బీ జపమాలతో ఇష్తియాక్ మధ్యలో కూర్చుని, మందీ అన్నం పళ్ళెంలో కోడికాళ్ళన్నీ తన వైపుకే తిప్పుకున్నాడు. తిన్నాక మూతి తుడుచుకుని గొంతు తగ్గించాడు.

"నౌమాన్ సంగతి విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు తమ్ముళ్ళూ."

నౌమాన్ ఏసీ మెకానిక్. కిందటేడు ఇదే రూములో నిద్రలోనే పోయాడు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, సంతకం పెట్టడానికి తాత్సారం చేస్తే శవం యాభై మూడు రోజులు మార్చురీలో ఉండిపోయింది. ఆ రోజులన్నీ అందరూ వేళ్ళ మీద లెక్కపెట్టారు. రేపు తన గతి ఏమిటని ప్రతివాడూ లోపల వణికాడు.

"గల్ఫ్ భరోసా కార్డని పెట్టిస్తాండా" అన్నాడు ఇష్తియాక్. "మనోడికి ఏమన్నా అయితే పదిరోజుల్లో మట్టి మన ఊర్లోనే. పేరు, నాయన పేరు, డోర్ నంబరు, ఓటరు కార్డు నంబరు రాసియ్యండి చాలు. నాకు పైసా వద్దు."

"ఓటరు కార్డు ఎందుకు భాయ్?" అన్నాడు అఖీల్. ట్రక్కు డ్రైవరు, అనుమానం మనిషి.

"ఈ వార్డోడే అని రుజువుండొద్దా అబ్బీ?"

ఇందులో మెలిక ఎక్కడుందా అని దిలావర్ కూడా వెతికాడు. డబ్బు అడగలేదు, సంతకం అడగలేదు. ఉత్త పేర్లలో తినడానికి ఏముంటుంది అనుకున్నాడు. సిమెంటును అరిగించుకున్నవాడికి కాగితం ఒక లెక్కా అని మాత్రం తోచలేదు.

ఓటరు కార్డులు అందరి దగ్గరా ఉన్నాయి, పాస్‌పోర్టుతో పాటు పెట్టె అడుగున. పదేళ్ళయినా పదిహేనేళ్ళయినా ఒక్కడూ జాబితాలోంచి పేరు తీయించుకోలేదు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు ఏడాదేడాదికీ చచ్చి బతుకుతుంటుంది. ఓటరు జాబితాలో పేరు ఉన్నంతవరకు మనకంటూ ఒక ఊరు ఉన్నట్టే అని వాళ్ళ ధైర్యం.

చేతిరాత బాగుంటుందని రాసే పని దిలావర్‌కు అప్పగించారు. అలవాటు ప్రకారం కాగితం నెత్తిన బిస్మిల్లాకు గుర్తుగా 786 వేసి, మొదట తన పేరు రాసి, నలభై రెండో పేరు దాకా గుండ్రని అక్షరాలతో నింపాడు. ఇష్తియాక్ దాన్ని మడిచి మక్కా నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్ళ డబ్బా పక్కన బ్యాగులో పెట్టుకున్నాడు. పనిలో పనిగా దిలావర్ చేత ఒక సూట్‌కేసు కూడా బహుమతిగా ఇప్పించుకున్నాడు.

రెండు నెలలకు మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. వార్డు మహిళలకు రిజర్వయింది. ఇష్తియాక్ తన భార్య అఫ్రీన్‌ను నిలబెట్టాడు. పోస్టర్లలో ఆయన ముఖం గుమ్మడికాయంత, ఆమె ముఖం నిమ్మకాయంత. అదే వారంలో వాన పడింది. వంటింట్లోకి వచ్చిన మురుగులో జారిపడి దిలావర్ తల్లి బీబీజాన్ తుంటి విరగ్గొట్టుకుంది. అత్తను ఆసుపత్రిలో చేర్పించిన దిలావర్ భార్య ఆస్మా, అటునుంచి అటే మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి నామినేషన్ వేసింది. ఇండిపెండెంటు. గుర్తు కుట్టుమిషను.

"నీకేమన్నా పిచ్చా?" అని ఫోనులో అరిచాడు దిలావర్.

"అత్త మంచంలోనే అన్నీ చేస్తాంది. ఆ కాలువ కట్టేదాకా నేను ఊరుకోను. మీరు సాయం చెయ్యకున్నా పర్వాలేదు, అడ్డం రావద్దండి."

రెండురోజులు అలిగాడు. మూడోరోజు భార్య ఇంటింటికీ తిరుగుతున్న వీడియో చూసి ఛాతీ ఉబ్బింది. ఆ వార్డులో ఇంట్లో ఓట్లు ఎవరికన్నది జెద్దా ఫోనే తేలుస్తుంది. నలభై రెండు మందీ ఇళ్ళకు ఫోన్లు చేశారు. "మా ఇంట్లో ఐదూ కుట్టుమిషన్‌కే భాయ్" అన్నాడు అఖీల్. దిలావర్ కూడి చూసుకున్నాడు. ఆస్మా గెలుస్తుంది, కాలువ వస్తుంది, అమ్మ తడవని గచ్చు మీద నడుస్తుంది. జీవితంలో మొదటిసారి ఒక ఎన్నిక మీద ఆశ పెట్టుకున్నాడు.

పోలింగు రోజు దొంగ ఓట్లు పడుతున్నాయని ఆస్మా ఫోను చేస్తే, "పడితే పదో పరకో, మన లెక్క ముందు ఎంతలే" అని ధైర్యం చెప్పాడు.

లెక్కింపు నాడు ఆస్మా ముప్పై ఒక్క ఓట్లతో ఓడిపోయింది.

అరగంట తిరక్కుండానే వాట్సాప్ గ్రూపులో ఇష్తియాక్ గొంతు, వెనకాల డప్పులు. "జెద్దా తమ్ముళ్ళందరికీ సలాం! ఏడనో ఉండి కూడా మీరు చేసిన సాయం నేను బతికినంతకాలం మరవను."

"మనమేం సాయం చేసినాం భాయ్?" అని అఖీల్ అడిగాడు.

"గెలిచిన పొగరు. వాగనీ" అని దిలావర్ తూ అని ఉమ్మేశాడు.

అంతలో ఆస్మా ఫోను. ఏడుపు లేదు. అదే భయం వేసింది.

"పోలింగునాడు పొద్దున పదకొండింటికి మీరు ఓటేసినారంట."

"నేనా?"

"ఓబులమ్మ నా ఏజెంటు గదా. ఎట్లయినా గెలుస్తాంలే అని ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు. ముప్పై ఏండ్లు మన సందులు ఊడ్చిన మనిషి, అందరి మొగాలూ తెలుసు. ఎవుడో పిల్లోడొచ్చి దిలావర్ అన్నాడంట. నాయన పేరు చెప్పినాడు, డోర్ నంబరు చెప్పినాడు, కార్డు నంబరు గుక్క తిప్పుకోకుండా చెప్పినాడు. ఆయప్ప జెద్దాలో ఉండాడు సారూ అని ఓబులమ్మ మొత్తుకుంటే ఆఫీసరు తల కూడా ఎత్తలేదు. అఖీల్ ఓటూ పడింది. ఒకరొకరే అందరూ ఏసిపోయినారు."

దిలావర్ ఫోను పట్టుకుని రూము బయటికి నడిచాడు.

"వాళ్ళ ఏజెంటు బల్లకింద పడేసిన కాగితం ఓబులమ్మ కొంగున కట్టుకోనుండె. ఆమెకు చదువు రాదు, ఇప్పుడు తెచ్చిచ్చింది. పంపిస్తాండా, చూడండి."

ఫొటో వచ్చింది. జిరాక్సు కాగితం. నెత్తిన 786. కింద నలభై రెండు పేర్లు, ప్రతి పేరు పక్కనా ఎర్ర సిరాతో టిక్కు. మొదటి పేరు అతనిదే.

"మనింటికి పంపే కార్గో పెట్టెల మీద మీరు రాసే అక్షరాలే గదా" అంది ఆస్మా. "చూస్తూనే గుర్తుపట్టినా."

"అది... శవం ఇంటికి తెచ్చే కార్డు కోసమన్నాడు ఆస్మా" అన్నాడు దిలావర్. తన మాట తన చెవికే రోత పుట్టించింది. ఇష్తియాక్‌ను అసహ్యించుకోవడం సులువే, ఎన్నాళ్ళనుంచో చేస్తున్న పనే. ఇప్పుడు అంతకన్నా ఎక్కువ అసహ్యం తన మీదే వేసింది. దొంగ అని తెలిసినవాడికి తాళంచెవి తానే, అందమైన చేతిరాతతో అందించాడు. జెద్దా వచ్చిన పద్నాలుగేళ్ళలో తన పేరున పడిన ఒకే ఒక్క ఓటు కట్టుకున్న భార్యను ఓడించడానికి పడింది.

"అత్త పొద్దుటినుంచి అడుగుతాంది. నేనేం చెప్పాల?"

"ఫోను అమ్మకియ్యి. నేనే చెప్తా."

మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. బీబీజాన్ ఆయాసపడుతూ ఫోను అందుకుంది.

"గెలిచినామా నాయినా?"

"లేదమ్మా. నేనే ఓడగొట్టినా."

ఆమెకు ఏం అర్థమైందో తెలియదు.

"అయితే కాలువ కట్టరా?"