సంతోషమ్మ ఆవుకు వేసిన సూది

బెల్లంపల్లి దగ్గరి ఒక పల్లెలో పశువుల డాక్టర్ పద్మలత కొత్త మందును పరీక్షిస్తోంది. రోగం తగిలినప్పుడు రక్షణ కణాలను పిలవడానికి ఒంట్లోనే తయారయ్యే ప్రొటీన్ అది. ఈనడానికి ముందే ఆవుకు సూది వేస్తే పొదుగువాపు రాకుండా ఆపుతుందని ఆశ. సగం ఆవులకు మందు, పోల్చి చూడడానికి మిగతా సగానికి ఉత్త ఉప్పునీళ్లు. ఏ సీసాలో ఏముందో పద్మలతకు కూడా తెలియదు.

సంతోషమ్మ ఆవు ఈనిన వారానికే పొదుగు రాయిలా గట్టిపడింది. పాలలో రక్తం కనిపించింది.

"డాక్టరమ్మా, నా ఆవుకు నీళ్లే పొడిచినవా?" అని సంతోషమ్మ నిలదీసింది.

"నాకు తెల్వదక్కా. పరీక్ష అయినంకనే చెప్తరు."

"తెల్వకుంట సూది ఎట్ల ఏసినవ్? పక్కింటి అబ్రహాం ఆవు మంచిగనే ఉన్నది గద!"

ఇదంతా ముందే చెప్పి ఒప్పించింది పద్మలత. కానీ నొప్పితో కాళ్లు విదిలిస్తున్న ఆవు ముందు ఆ మాట ఎత్తకుండా, పొదుగు చూడడానికి వంగింది. మామూలు మందులతోనే రోజూ వచ్చి వైద్యం చేసింది. ఆవు కోలుకుంది గానీ ఒక చన్ను ఎండిపోయింది.

కొన్ని నెలలకు ఫలితాలు వచ్చాయి. పద్మలత స్వయంగా వచ్చి చెప్పింది.

"నీ ఆవుకు అసలు మందే పడ్డదక్కా. నీళ్లు పడ్డది అబ్రహాం ఆవుకు."

మిగతా ఆవుల్లో చాలావాటికి మందు పనిచేసిందని కూడా చెప్పబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

"గట్లయితే ఇగ నేనెవరిని తిట్టాలె?" అంది సంతోషమ్మ. పాలు పిండడానికి కొట్టంలోకి వెళ్లిపోయింది.