లేబుళ్లు ఊడిన పదకొండు సీసాలు

పన్నెండేళ్ల కాపురంలో భర్త సింకు దగ్గర నిలబడగా ఆమె చూడటం అదే మొదటిసారి. డెంటల్ క్లినిక్ రిసెప్షన్‌లో రోజంతా పళ్లనొప్పుల గోల విని ఇంటికొచ్చిన మనిషి, ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండానే ఆగిపోయింది.

"సెలవు కదాని నీ సీసాలన్నీ తోమేశా. ఎలా మెరుస్తున్నాయో చూడు," అన్నాడతను.

గట్టు మీద పదకొండు సెంటు సీసాలు బోర్లించి ఉన్నాయి. అరవై డెబ్బై ఏళ్ల కిందట స్పెయిన్‌లో తయారైనవి. పాత సామాన్ల దుకాణాల దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని, తొమ్మిదేళ్లుగా ఆమె ఏరుకొచ్చినవి. ఒక్కదానికీ లేబుల్ లేదు. బంగారు అంచు కాగితాలు నాని ముద్దై, సింకు జాలీలో అన్నం మెతుకుల మధ్య పడున్నాయి. అడుగున మిగిలిన సెంటూ పారబోసినట్టున్నాడు, వంటిల్లంతా నారింజపూల వాసన.

శనివారం నుంచి పొరుగూళ్లో పాత సీసాల ప్రదర్శన. మూడు రోజులు. అందులో ఆమెకొక బల్ల ఇచ్చారు. ఏ సీసా ఏ ఏటిదో చెప్పేది లేబులే. చుట్టాల ముందు భర్త తగిలించిన 'ఖాళీ సీసాల పిచ్చిది' అన్న పేరు ఆ బల్ల దగ్గర వదిలిపోతుందని ఆశపడింది.

జాలీలోంచి ఒక కాగితపు ముద్దను వేలికొనతో పైకి తీసింది.

"పాపం, పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాడమ్మా. మెచ్చుకోకపోతే పోనీ, ఆ మొహమేంటి?" అంది అత్తగారు.

తెలియక చేశాడేమో అనుకుంది. ఖాళీ సీసా కనిపిస్తే నానబెట్టి, లేబుల్ గీకి, పప్పులు పోసుకోవడం ఈ ఇంటి పద్ధతి. ఆ గీకుడు పని ఇన్నాళ్లూ తనదే. క్షమించడం అలవాటైన మనసు అప్పుడే సర్దుకోబోతోంది. అంతలో అలమర మీద ఇంకో సీసా కంటపడింది. అతని పై ఆఫీసరు ఇచ్చిన విస్కీది, ఎప్పుడో ఖాళీ అయినది. పొడిగా, లేబుల్‌తో సహా.

"అది తోమలేదేం?"

జవాబు అత్తగారే ఇచ్చింది. "దాన్ని ముట్టుకోవద్దన్నాడమ్మా. కాగితం ఊడితే విలువే ఉండదట."

భర్త మడిచి ఉన్న తువ్వాలునే మళ్లీ మడుస్తున్నాడు. "ఇంక ఆ ప్రయాణం లేనట్టేగా. మూడు రోజులు అమ్మకి వంటెవరు చేస్తారు?"

తెలిసే చేశాడు. ఒక్కొక్కటిగా, పదకొండుసార్లు.

ఆమె ఫోన్ తీసి, ప్రదర్శన నడిపే పెద్దావిడకి చేసింది.

"నా బల్ల ఇంకెవరికైనా ఇచ్చేయండి మేడమ్. నేను మాత్రం శనివారం వస్తున్నా. మీ ఊళ్లో నాకో చిన్న గది చూసిపెడతారా?"

"మూడు రోజులకేగా?"

"కాదండీ. ఉండటానికి."