అరచేతి కొలత

ఆ వడ్రంగి దగ్గర వెంట్రుకవాసి తేడాకు కూడా మన్నింపు లేదు. రెండుసార్లు కొలవనిదే రంపం ముట్టడు. తాను బిగించిన తలుపు ఒరుసుకుంటోందని ఒక్కరు కూడా వెనక్కి రాలేదని గొప్పగా చెప్పుకునేవాడు. అలాంటి మనిషి ఒక్కసారి కొలత తప్పాడు. తప్పింది చెక్క దగ్గర కాదు.

భార్యకు చలిజ్వరం వచ్చింది. ఆమె దర్జీ, కుట్టుమిషనే ఆమె లోకం. మూడో రోజుకీ జ్వరం దిగకపోయేసరికి అతను అటక మీంచి చనిపోయిన తల్లి డబ్బా దించాడు. అందులో ఎండిన చెట్టు బెరడు ఉంది. ఆ చేదు కషాయంతో ఆవిడ సగం వీధి జ్వరాలు దించింది, అబద్ధమెందుకు. ఆవిడ మాట అతనికి నోటికొచ్చు: "అరచేయంత ముక్క, మూడు గ్లాసుల నీళ్లు, ఒక్క గ్లాసయ్యేదాకా మరిగించాలి." అతను తన అరచేయి చాచి, దాని పక్కన బెరడు పెట్టి, డబ్బాలో ఉన్నదంతా అదే కొలతకు ముక్కలుగా విరిచాడు. పూటపూటా తాగించాడు.

కషాయం మొదలెట్టిన రెండో రోజు భార్య అంది, "చెవుల్లో ఒకటే హోరండీ."

"ఏళ్ల తరబడి ఆ మిషను గోల వింటే హోరెత్తదా మరి?" అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుని తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో లెక్కలేదు.

సాయంత్రం ఆమె మంచం మీంచి లేవబోయి తూలిపడింది. ఆసుపత్రికి మోసుకెళ్లాడు.

"ఇంట్లో కషాయాలేమైనా తాగించారా?" అని అడిగింది డాక్టరమ్మ.

అవునంటే నాటువైద్యమని అమ్మను ఎక్కడ ఈసడిస్తుందోనని భయం. "ఏమీ లేదండీ," అన్నాడు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి మందు ఎక్కించింది. మర్నాడు పొద్దున భార్య అతని మొహంలోకి చూస్తూ, "మాట్లాడరేం?" అంది. అతను అప్పటిదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

అప్పుడు పరుగెత్తుకెళ్లి నిజం చెప్పాడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ బెరడులో ఉండే మందే మేమూ ఎక్కించాం. అది మించితే చెవులు పోతాయి, అసలే మీ కషాయం మోతాదు మించింది. నిన్ననే చెప్పుంటే ఇంకో మందు ఇచ్చేదాన్ని కదయ్యా."

ప్రాణం దక్కింది. వినికిడి రాలేదు.

నెల తర్వాత భార్య మళ్లీ మిషను ముందు కూర్చుంది. ఒకప్పుడు దారం తెగితే చప్పుడులోనే పట్టేసేది. ఇప్పుడు తెగిన దారంతోనే మూరెడు బట్ట నడిపేసింది. అతను పక్కనే నేలమీద కూలబడి అంతా చెప్పేశాడు, విరిచిన ముక్క గురించి, ఆ నవ్వు గురించి, ఆడిన అబద్ధం గురించి. వినపడదని తెలిసే చెప్పాడు, పిరికివాడు.

ఆమె మిషను ఆపింది. అతని కుడిచేయి అందుకుని, తన అరచేతిని దానిమీద ఆనించింది. అతని వేళ్లు కణుపున్నర పైకే ఉన్నాయి.

"డబ్బాలో మీరు విరిచి మిగిల్చిన ముక్కలు చూశాను. అత్తయ్య చెయ్యి నా చేతికన్నా చిన్నది. నా గాజులే ఆవిడకి జారిపోయేవి," అంది, తన గొంతు తనకు తెలియక వీధంతా వినపడేలా. "నన్నొక్క మాట అడగాల్సింది. అప్పుడు నాకు వినపడేది కదండీ."